మోడల్ నుంచి నటి: అపోహలు - వాస్తవాలు

మోడలింగ్ చేసి సినిమాల వైపు వచ్చే అమ్మాయిలకు నటనలో శిక్షణ ఇవ్వడం నా పని. వాళ్ల గురించి బయట తేలిగ్గా అనేసే మాటలు వింటే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కెమెరా అలవాటే కాబట్టి వాళ్లకి నటన సులువు.

వాస్తవం: కెమెరా అంటే బెరుకుండదు, నిజమే. లైటు ఎటు నుంచి పడుతోందో, ముఖం ఎంత తిప్పాలో ఇట్టే పట్టేస్తారు. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ఫొటోకి ఒక్క క్షణం కుదిరితే చాలు. షాట్‌లో భావం పుట్టాలి, మారాలి, ఎదుటివాళ్ల మాటను బట్టి మారాలి. పైగా లెన్సు ఉందన్న సంగతే మర్చిపోవాలి. అందుకే మొదట్లో నేను డైలాగులు ఇవ్వను, ఎదుటివాళ్లు చెప్పేది వినమంటాను. వినేటప్పుడు కూడా అందంగా కనపడాలన్న ధ్యాస ఉంటే ముఖం బిగుసుకుపోతుంది. ఏడ్చేటప్పుడు ముఖం ఎలా ఉన్నా ఫరవాలేదు అనుకోవడానికి చాలా ధైర్యం కావాలి. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది అదే. అది వచ్చిన అమ్మాయిని చూస్తే నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

అపోహ: డబ్బింగ్ ఉందిగా, భాష రాకపోయినా నడిచిపోతుంది.

వాస్తవం: 2010లో 'ఏ మాయ చేశావె'లో సమంతకు గొంతు ఇచ్చింది గాయని చిన్మయి. ఆ గొంతు పాత్రలో కలిసిపోయింది. కానీ అక్కడ తెర మీద కళ్లు మాట్లాడాయి కాబట్టే గొంతు అతికింది. 2018లో 'మహానటి'కి సమంత తన డబ్బింగ్ తనే చెప్పుకున్నారు. అర్థం తెలియకుండా, పక్క నుంచి చెప్పే డైలాగు (ప్రాంప్టింగ్) అందుకుని పెదవులు కదిపితే, ఆ వెలితిని ఎంత గొప్ప డబ్బింగ్ ఆర్టిస్టూ పూడ్చలేరు. తెలుగు రాని అమ్మాయి అయినా సరే, ప్రతి మాటకీ తన భాషలో అర్థం రాసుకుని రావాల్సిందే.

అపోహ: అందాల పోటీలో నెగ్గితే అవకాశాలు వెతుక్కుంటూ వస్తాయి.

వాస్తవం: తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ 2013లో మిస్ ఎర్త్ పోటీలో మన దేశం తరఫున నిలిచారు. అయినా తొలి హిందీ సినిమా వచ్చింది మూడేళ్ల తర్వాత 2016లో, తొలి తెలుగు సినిమా 2018లో.

అపోహ: లక్షలు పోసి పోర్ట్‌ఫోలియో (ఫొటోల ఆల్బమ్) చేయించాలి.

వాస్తవం: అక్కర్లేదు. నటుల్ని ఎంపిక చేసే కాస్టింగ్ వాళ్లు మేకప్ లేని ఫొటోలు, ఫోన్‌లో తీసిన చిన్న పరిచయ వీడియో అడుగుతారు. ఆడిషన్‌కి రుసుమనో, పాత్ర ఖాయం చేయడానికి అడ్వాన్సనో ఎవరైనా డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.