గాజులు పట్టడం లేదా? అక్రోమెగాలిపై అపోహలు - వాస్తవాలు

అపోహ: "పెళ్లయ్యాక ఒళ్లు చేసింది, అంతే."

హైదరాబాద్‌లో హార్మోన్ల వైద్యుడిగా నేను తరచూ వినే మాట ఇది. ఆ మధ్య షుగరు ఎంతకీ అదుపులోకి రావడం లేదని ఒకావిడ వచ్చారు. నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే అరచెయ్యి చెమటతో తడిసి, పిండిముద్దలా మెత్తగా ఉంది. "గాజులు ఏ సైజమ్మా?" అని అడిగాను. షుగరుకూ గాజులకూ సంబంధమేమిటన్నట్టు చూశారు. పెళ్లినాడు లాడ్‌బజార్‌లో కొన్నవి 2-4. ఇప్పుడు 2-10 కూడా సబ్బు రాస్తే గాని ఎక్కడం లేదు. మెట్టెలు రెండుసార్లు మార్పించారు. గురకకు పిల్లలు వేరే గదికి మారారు. ఆధార్ ఫొటోలో పోలిక లేదంటే, ఆధార్‌లో ఎవరికి పోలిక ఉంటుందని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారట!

ఒళ్లు చేస్తే నడుము పెరుగుతుంది గాని దవడ ముందుకు రాదు, పళ్ల మధ్య సందులు పడవు. ఇది అక్రోమెగాలి: గ్రోత్ హార్మోన్ (పెరుగుదల హార్మోన్) ఎక్కువై పెద్దల్లో చేతులు, కాళ్లు, ముఖం పెరిగే జబ్బు. షుగరునూ ఆ హార్మోనే పెంచుతుంది. మార్పు ఏళ్ల మీద వస్తుంది కనుక రోజూ చూసేవాళ్లకు తెలియదు. అందుకే నేను పెళ్లి ఆల్బం తెమ్మంటాను.

అపోహ: గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే పొడుగవుతారు.

పిల్లల్లో నిజమే. పెద్దల్లో ఎముకల చివర్లు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి కనుక ఎముక మందమవుతుంది. 1886లో ఫ్రెంచి వైద్యుడు పియర్ మరీ ఈ జబ్బుకు పెట్టిన పేరుకు అర్థం కూడా కొసలు పెద్దవవడమే.

అపోహ: రక్తంలో ఆ హార్మోన్ ఒకసారి చూస్తే తేలిపోతుంది.

తేలదు. అది రోజంతా ఎగిసిపడుతూ ఉంటుంది. దాని ప్రభావంతో కాలేయంలో తయారై, రక్తంలో నిలకడగా ఉండే ఐజీఎఫ్-1 అనే పదార్థాన్ని చూడాలి. అనుమానం మిగిలితే 75 గ్రాముల గ్లూకోజు తాగించి, హార్మోన్ అణగుతుందో లేదో చూస్తాం; ఈ జబ్బులో అణగదు. ఆ తర్వాతే ఎంఆర్ఐ.

అపోహ: తలలో కంతి అంటే క్యాన్సరే, తల తెరవాల్సిందే.

ఈ హార్మోన్ ఎక్కువవడానికి కారణం సాధారణంగా మెదడు అడుగునున్న పీయూష గ్రంథిలో పుట్టే కంతి. అది దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. సాధారణంగా ముక్కు గుండానే తీస్తారు. కొంత మిగిలిపోతే హార్మోన్‌ను తగ్గించే మందులు (నెలకోసారి ఆక్ట్రియోటైడ్ సూది, కాబర్గోలిన్ మాత్రలు), అవసరమైతే రేడియేషన్ ఉన్నాయి. అలాగని వాయిదా వేయకండి; పెద్దదైతే చూపు నరాలను నొక్కి పక్కచూపు పోతుంది. మన రోడ్ల మీద స్కూటర్ నడిపేవారికి పక్కచూపు ఎంత అవసరమో చెప్పాలా?

అపోహ: ఆపరేషన్ అయితే పాత ముఖం వచ్చేస్తుంది.

వాపు దిగుతుంది, పెరిగిన ఎముక వెనక్కి పోదు. ఆవిడకు షుగరు మాత్రలు సగమయ్యాయి, గాజులు 2-8కి వచ్చాయి. దవడ మాత్రం అలాగే ఉంది.