అల్పాకా తోలు, మూడు పాయల జడ

"అల్పాకా లెదర్ పర్సులని అమ్ముతున్నారు. దాన్ని పెంచేది ఉన్ని కోసం కదా, మరి తోలెక్కడిది?" అని ఒక పాఠకురాలు అడిగారు. అనుమానం సబబైనదే. పెరూ, బొలీవియాల్లో ఆండీస్ కొండల మీద, దాదాపు 4000 మీటర్ల ఎత్తున మేసే ఈ ఒంటె చుట్టానికి ఏడాదికోసారి ఉన్ని కత్తిరిస్తారు. తోలు కోసమే పెంచడమనేది లేదు. ముసలిదై ఉన్ని ముతకబడ్డాక మాంసానికి కోస్తే తోలు మిగులుతుంది. పేగు జబ్బుతో చిన్నప్పుడే పోయే అల్పాకా పిల్లలూ అక్కడ ఎక్కువే, వాటి తోలును ఉన్నితో సహా ఉంచి టోపీలు, చెప్పులు కుడతారు. (బొలీవియాలోని లా పాజ్ బజారులో అల్పాకాకు చుట్టమైన లామా గర్భపిండాలు కూడా ఎండబెట్టినవి దొరుకుతాయి, ఇంటి పునాదిలో పాతడానికి. గుమ్మానికి గుమ్మడికాయ కట్టుకున్న మనం నవ్వితే బాగోదు.)

సరే, అసలు సంగతికొస్తాను. పచ్చి తోలు కుళ్లుతుంది, ఎండబెడితే అట్టలా బిగుసుకుపోతుంది. అదే తోలు టానింగ్ (కుళ్లకుండా పదును చేయడం) అయ్యాక ఏళ్ల తరబడి మెత్తగా ఎలా ఉంటుంది?

చర్మంలో ముఖ్యమైన ప్రొటీన్ కొల్లాజెన్, అదో మూడు పాయల జడ. ఒక్కో పాయలో ప్రతి మూడో అమైనో ఆమ్లం అన్నిటికంటే చిన్నదైన గ్లైసినే అయి తీరాలి, ఎందుకంటే పాయలు ఒరుసుకునే నడిమి సందులో అంతకంటే పెద్దది పట్టదు. ఈ అల్లికను 1950లలో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తేల్చారు. అదే ఊళ్లోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థను తర్వాత నడిపింది మన తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు. క్లాసులో మాత్రం కొల్లాజెన్ రెండు మార్కుల ప్రశ్న, ఈ మనుషుల ఊసే ఉండదు.

పచ్చి తోలును 60-65 డిగ్రీల నీళ్లలో వేస్తే జడ విడిపోయి తోలు ముడుచుకుపోతుంది, ఇంకా ఉడికిస్తే జెలటిన్. టానింగ్ అంటే పక్కపక్క జడల్ని కలిపి రిబ్బన్లు ముడేయడం. పెరూలో పండే తారా అనే చెట్టు కాయల్లో గాలిక్ ఆమ్లపు టానిన్లు, అంటే వగరు పదార్థాలు, ఉంటాయి. వాటి హైడ్రాక్సిల్ గుంపులు హైడ్రోజన్ బంధాలతో పాయల్ని పట్టుకుంటాయి. ఒక్కో ముడి వదులుదే, కానీ లెక్కలేనన్ని. టానిన్లకు బదులు క్రోమియం లవణాలు వాడితే ఆ ముడి గట్టిది, కొల్లాజెన్ కార్బాక్సిల్ గుంపులకే నేరుగా అతుక్కుంటుంది, అందుకే క్రోమ్ తోలు మరిగే నీళ్లను కూడా తట్టుకోగలదు. రిబ్బన్లు పడ్డాక బాక్టీరియా ఎంజైములకు కొరకడానికి చోటు దొరకదు. మన పల్లెల్లో తంగేడు బెరడు చేసిందీ ఈ పనే, తంగేడూ తారా రెండూ చిక్కుడు కుటుంబం మొక్కలే.

ఇక అల్పాకాతో వచ్చే చిక్కు. ఉన్ని ఎంత ఒత్తుగా ఉంటే చర్మంలో అన్ని కుదుళ్లు, అన్నిచోట్లా కొల్లాజెన్ జడలు పక్కకు తప్పుకోవాల్సిందే, పై పొర వదులవుతుంది. ఉన్ని పెద్దగా లేని నెల్లూరు గొర్రెలాంటి వాటి తోలు గట్టిగా ఉండటానికి కారణం ఇదే. కాబట్టి అల్పాకా తోలుతో పర్సు, పౌచ్ సరే, బరువులు మోసే బ్యాగు అంటే కుట్టు దగ్గర నాకు అనుమానమే.

మెడ మాత్రం వేరు. మగవి కొట్లాటలో ఒకదాని మెడ ఒకటి కొరుకుతాయి, అక్కడ చర్మం ఎంత మందమంటే రక్తం తీయడానికి నరం దొరక్క పశువైద్యులు అవస్థ పడతారు. ఒకే తోలులో ఇంత తేడా ఉంటే కుట్టేవాడు మెడ ముక్కను చెక్కి పల్చన చేసుకోవాలి, లేదా బెల్టుకని విడిగా తీసిపెట్టుకోవాలి.