కేబుల్ టీవీని కంప్యూటర్‌లో రికార్డు చేయడం: అపోహలు - వాస్తవాలు

ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కు కేబుల్ కనెక్షన్ కలిపి, కావలసిన కార్యక్రమాలు వాటంతట అవే రికార్డయ్యేలా అమర్చిపెట్టే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. కొత్తవాళ్లు ఎవరు మాట్లాడినా మొదట అడిగేది ఒకటే: "ఏ ప్రాసెసర్ కొనమంటారు?" నేను మాత్రం ముందు ఇంట్లోకి వచ్చే వైరు గురించి అడుగుతాను. ఏ చానళ్లకు తాళం వేసి ఉంది, సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉంది అన్నవి తేల్చుకోకుండా కంప్యూటర్ కొనేసి, ఆ తర్వాత బాధపడినవాళ్లను చాలామందిని చూశాను. నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే నమ్మకాలు ఇవి.

అపోహ: వీడియో రికార్డు చేయాలంటే పవర్‌ఫుల్ కంప్యూటర్ ఉండాల్సిందే

ఇది అనలాగ్ రోజుల నుంచి వచ్చిన నమ్మకం. అప్పట్లో వైరులో వచ్చిన బొమ్మను అంకెల్లోకి మార్చి, కుదించి, ఫైలుగా చేసే భారమంతా ట్యూనర్ కార్డు (వైరులోని సిగ్నల్‌ను పట్టి కంప్యూటర్‌కు అందించే పరికరం) మీదో ప్రాసెసర్ మీదో పడేది. డిజిటల్ కేబుల్‌లో ఆ పని ప్రసారం చేసేవాళ్లే చేసి పంపుతారు. ఎంపెగ్-2, హెచ్.264 లాంటి కుదింపు పద్ధతుల్లో ముందే కుదించిన వీడియో, 188 బైట్ల చిన్న ప్యాకెట్లుగా మన ఇంటికి వస్తుంది. ప్రతి ప్యాకెట్ మీదా ఒక నంబరు ఉంటుంది. దాన్ని బట్టి అది ఏ చానల్ బొమ్మో, ఏ చానల్ ధ్వనో సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది. కావలసిన నంబర్లున్న ప్యాకెట్లను ఏరి డిస్కులో రాసుకోవడమే రికార్డింగ్. అంతకు మించి అందులో ఏమీ లేదు.

ఒక హెచ్‌డీ చానల్ సెకనుకు 8 మెగాబిట్ల వేగంతో వస్తోందనుకోండి. అంటే సెకనుకు 1 మెగాబైటు. ఒకేసారి నాలుగు చానళ్లు రికార్డు చేసినా 4 మెగాబైట్లే. మామూలు హార్డ్ డిస్కు సెకనుకు 100 మెగాబైట్లకు పైగా రాయగలదు. మూలన పడేసిన పాత కంప్యూటర్ కూడా ఈ పని హాయిగా చేస్తుంది. ప్రాసెసర్‌కు పని పడేది రెండు చోట్ల: రికార్డయిన ఫైలును ఫోన్ కోసం మళ్లీ చిన్నదిగా మార్చేటప్పుడు, తెరమీద ఆడించేటప్పుడు. ఆడించే పనిని కూడా చాలావరకు గ్రాఫిక్స్ చిప్పే చూసుకుంటుంది. ఎక్కువ డబ్బు పెట్టాలని ఉంటే టీవీ పక్కన పెట్టి చూసే కంప్యూటర్ మీద పెట్టండి, రికార్డు చేసేదాని మీద వద్దు.

అపోహ: టీవీ ట్యూనర్ అని రాసి ఉంటే చాలు, ఏదైనా పనిచేస్తుంది

యాంటెన్నాతో వచ్చే ప్రసారం, డిష్ ద్వారా వచ్చేది, కేబుల్‌లో వచ్చేది, మూడూ డిజిటలే. కానీ సమాచారాన్ని తరంగం మీద ఎక్కించే పద్ధతి మూడింటిలో వేరు. కేబుల్ వాడేది క్యామ్ (QAM) అనే పద్ధతి. ఎక్కువగా 64 క్యామ్ లేదా 256 క్యామ్. అది కూడా అన్ని దేశాల్లో ఒక్కలా లేదు. యూరప్‌లోనూ, ఆసియాలో చాలా చోట్లా డీవీబీ-సీ అనే ప్రమాణం నడుస్తుంది. ఉత్తర అమెరికా కేబుల్‌ది వేరే రకం, అక్కడ ఒక్కో ఫ్రీక్వెన్సీ వెడల్పు 6 మెగాహెర్ట్జ్. ఒక దేశం కోసం తయారైన ట్యూనర్‌ను బంధువులు ప్రేమగా ఇంకో దేశం నుంచి తెస్తే, అది పెట్టెలోనే ఉండిపోవచ్చు. పాత అనలాగ్ కార్డుల సంగతి చెప్పనక్కర్లేదు, వాటికి ఈ సిగ్నల్ వట్టి గోలలాగే కనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు కూడా ఉంది: ఒక ట్యూనర్‌కు ఒకే చానల్ అనుకోవడం. ట్యూనర్ పట్టుకునేది ఒక ఫ్రీక్వెన్సీని. ఆ ఫ్రీక్వెన్సీలో చాలా చానళ్లు కలిసి ప్రయాణిస్తాయి. 8 మెగాహెర్ట్జ్ వెడల్పులో 64 క్యామ్ అయితే సెకనుకు సుమారు 38 మెగాబిట్లు, 256 క్యామ్ అయితే 50 మెగాబిట్ల దాకా పడుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్న మూడు చానళ్లను ఒక్క ట్యూనర్‌తో ఒకేసారి రికార్డు చేయవచ్చు. టీవీహెడెండ్, మిత్‌టీవీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి. అందుకే ట్యూనర్లు ఎన్ని కొనాలో నిర్ణయించే ముందు, మీ ఇంట్లో ఎక్కువగా చూసే చానళ్లు ఏయే ఫ్రీక్వెన్సీల్లో ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి.

అపోహ: వైరు తీసి నేరుగా ట్యూనర్‌లో పెడితే అన్ని చానళ్లూ వచ్చేస్తాయి

నా అనుభవంలో జనానికి ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. డబ్బు కట్టి చూసే చానళ్లు దాదాపు అన్నీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసి వస్తాయి. స్కాన్ చేస్తే చానళ్ల పేర్లన్నీ వరుసగా కనిపిస్తాయి, మనిషి సంబరపడతాడు, ఒకటి తెరిస్తే నల్ల తెర. పేర్ల పట్టికకు తాళం ఉండదు, బొమ్మకూ ధ్వనికీ ఉంటుంది.

ఆ తాళం ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలా అనుమానాలు తీరతాయి. వీడియోను మూసే తాళంచెవి కొద్ది సెకన్లకోసారి మారిపోతూ ఉంటుంది. కొత్త తాళంచెవి కూడా ప్రసారంతో పాటే, మరో పొర కింద దాచి వస్తుంది. ఆ పొరను విప్పగలిగేది సెట్ టాప్ బాక్సులోని స్మార్ట్ కార్డు లేదా దానికి సమానమైన చిప్పు. మీ చందా ఇంకా నడుస్తోందా లేదా అన్న సందేశం కూడా అదే దారిలో కార్డుకు అందుతుంది. కాబట్టి కంప్యూటర్ ఎంత గొప్పదైనా, ఆపరేటర్ ఒప్పుకున్న పరికరం మధ్యలో లేకుండా ఆ చానల్ తెరుచుకోదు.

న్యాయమైన దారులు కొన్ని ఉన్నాయి. కొన్ని దేశాల్లో ఆపరేటర్లు స్మార్ట్ కార్డు పెట్టే క్యామ్ (CAM) మాడ్యూల్ ఇస్తారు (పలకడానికి ఒకేలా ఉన్నా పైన చెప్పిన క్యామ్ వేరు, ఇది వేరు). దానికి స్లాటు ఉన్న ట్యూనర్ కార్డులు దొరుకుతాయి. అయితే ఆ మాడ్యూల్ మీద "సీఐ ప్లస్" అని ఉంటే జాగ్రత్త. అది రికార్డింగ్ మీద ఆంక్షలు పెట్టగలదు, మామూలు కంప్యూటర్ ట్యూనర్లలో చాలావరకు పనిచేయదు. అమెరికాలో ఆపరేటర్ ఇచ్చే కార్డును సొంత పరికరంలో పెట్టి తాళం తీసుకునే కేబుల్‌కార్డ్ అనే ఏర్పాటు ఉండేది. దాంతో "ఒక్కసారి మాత్రమే కాపీ" అని గుర్తు పెట్టిన చానళ్లను కంప్యూటర్‌లో రికార్డు చేయడానికి ఎక్కువమంది మైక్రోసాఫ్ట్ వారి టీవీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్ మీడియా సెంటర్ మీదే ఆధారపడ్డారు. 2015లో వచ్చిన విండోస్ 10లో మీడియా సెంటర్ లేదు. కేబుల్‌కార్డ్ వాడేవాళ్లకు ఆపరేటర్లు తోడ్పడి తీరాలన్న నిబంధనలను 2020లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఎత్తేసింది. పాత వ్యాసాలు చదివి ఇప్పుడు ఆ సామాను కొనబోయేవాళ్లు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి.

నా సలహా ఇది. ముందు ఒక ట్యూనర్ అరువు తెచ్చుకుని స్కాన్ చేయండి. తాళం లేని చానళ్లు ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత ఆపరేటర్‌ను రెండే అడగండి: మాడ్యూల్ ఇస్తారా, ఇస్తే అది కంప్యూటర్‌లో రికార్డింగ్‌కు ఒప్పుకుంటుందా? ఈ రెండింటికీ జవాబు రాకముందు ఏమీ కొనకండి. ఇంటర్నెట్‌లో "అన్ని చానళ్లూ తెరిచే సాఫ్ట్‌వేర్" అని అమ్మేవాళ్ల జోలికి అసలు పోవద్దు. ఒకే కార్డును వందలమందికి పంచే ఆ వ్యాపారం చట్టవిరుద్ధం. దాన్ని నమ్ముకుని డబ్బు కట్టినవాళ్లకు ఒకరోజు అన్నీ ఆగిపోతాయి, అడగడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.

అపోహ: ఏ దారీ లేకపోతే బాక్సు హెచ్‌డీఎంఐని క్యాప్చర్ కార్డుకు కలిపేస్తే సరి

క్యాప్చర్ కార్డు అంటే బాక్సు నుంచి బయటికి వచ్చే బొమ్మను కంప్యూటర్‌లోకి తీసుకునే పరికరం. హెచ్‌డీఎంఐలో చాలా బాక్సులు హెచ్‌డీసీపీ అనే రక్షణ పెట్టి పంపుతాయి. అది ఉన్నప్పుడు సక్రమంగా తయారైన క్యాప్చర్ కార్డు బొమ్మను తీసుకోదు. బాక్సుకు మూడు రంగుల అనలాగ్ పిన్నులుంటే వాటి నుంచి తీసుకోవచ్చు. నాణ్యత పాత టీవీ స్థాయికి దిగుతుంది, అయినా వార్తలకూ చర్చలకూ సరిపోతుంది. ఈ పద్ధతిలో మాత్రం బొమ్మను మళ్లీ కుదించాలి కాబట్టి కంప్యూటర్‌కు పని ఉంటుంది. చానల్ మార్చడానికి బాక్సు ముందు ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎమిటర్ అతికించాలి. బాక్సులో ఏ చానల్ పెట్టి ఉంటే అదే రికార్డవుతుంది, అదే బాక్సులో మరొకటి చూడటం కుదరదు. కొన్ని గంటలు రిమోట్ ముట్టుకోకపోతే తనంతట తాను నిద్రపోయే ఆప్షన్ చాలా బాక్సుల్లో ఉంటుంది. దాన్ని ఆపడం మర్చిపోతే రెండు గంటల చీకటి రికార్డవుతుంది.

అపోహ: టీవీలో బొమ్మ బాగుంది, అంటే సిగ్నల్ బాగున్నట్టే

అనలాగ్‌లో సిగ్నల్ తగ్గే కొద్దీ తెర మీద చుక్కలు పెరిగేవి, ముందే తెలిసిపోయేది. డిజిటల్ అలా చెప్పదు. డీవీబీ-సీలో ప్రతి 188 బైట్ల ప్యాకెట్‌కూ తప్పులు దిద్దడానికి మరో 16 బైట్లు జోడిస్తారు. వాటి సాయంతో ఒక్కో ప్యాకెట్‌లో 8 బైట్ల దాకా పాడైనా తిరిగి సరిచేయవచ్చు. ఎనిమిది పాడైతే తెర అద్దంలా ఉంటుంది, తొమ్మిదోది పాడైతే బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. అంటే మీ టీవీలో బొమ్మ చక్కగా ఉన్నా, సిగ్నల్ అంచు మీద నిలబడి ఉండవచ్చు. దాన్ని ట్యూనర్ కోసం ఇంకోసారి చీలిస్తే అంచు దాటి పడిపోతుంది.

రెండు దారుల స్ప్లిటర్ పెడితే ఒక్కో దారిలో 3.5 నుంచి 4 డెసిబెల్స్ పోతాయి, అంటే సిగ్నల్ బలం సగానికి పైగా తగ్గుతుంది. నాలుగు దారులదైతే 7 నుంచి 8. ఇలా పోయిందని వెంటనే యాంప్లిఫయర్ కొనేవాళ్లు ఉన్నారు. యాంప్లిఫయర్ సిగ్నల్‌తో పాటు అందులోని గోలను కూడా పెంచుతుంది, తన సొంత గోల కొంత కలుపుతుంది. ట్యూనర్ సాఫ్ట్‌వేర్ చూపించే రెండు అంకెల్లో బలం కంటే నాణ్యత ముఖ్యం. 64 క్యామ్‌తో పోలిస్తే 256 క్యామ్‌కు సుమారు 6 డెసిబెల్స్ మెరుగైన నాణ్యత కావాలి. అందుకే ఒకే వైరులో కొన్ని చానళ్లు బాగా వచ్చి, కొన్ని విరుగుతుంటాయి.

ఒక ఇంట్లో వేళాపాళా లేకుండా రికార్డింగ్‌లు విరుగుతుండేవి. ట్యూనర్ మార్చారు, కంప్యూటర్ మార్చారు, ఆ ఇంటి పెద్దాయనకు టెన్షన్ తప్ప ఏమీ తగ్గలేదు. నేను వెళ్లి సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టా (లాగ్) చూస్తే, విరిగిన సమయాలూ నీళ్ల మోటారు వేసే సమయాలూ ఒకటే. చివరి పది మీటర్ల వైరు నాసిరకంది. బయటి అల్లిక పలచగా ఉండి, మోటారు స్విచ్ నిప్పురవ్వ గోలంతా లోపలికి వస్తోంది. మంచి ఆర్‌జీ-6 వైరు వేసి, కనెక్టర్లు కొత్తవి బిగించాక ఆగిపోయింది. ఖర్చులో అన్నిటికంటే చిన్నది ఆ వైరే.

అపోహ: ఎస్ఎస్‌డీ ఉంటేనే రికార్డింగ్ సాఫీగా సాగుతుంది

అవసరం లేదు. సిస్టమ్ కోసం చిన్న ఎస్ఎస్‌డీ పెట్టుకుని, రికార్డింగ్‌లకు వేరే హార్డ్ డిస్కు వాడండి. పైన చెప్పిన 8 మెగాబిట్ల చానల్ గంటకు 3.6 గిగాబైట్లు తీసుకుంటుంది. డిస్కును ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేస్తే ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటదు, సినిమా సగంలో తెగుతుంది లేదా రెండు ముక్కలవుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఈఎక్స్‌టీ4 గానీ ఎంచుకోండి.

అపోహ: ఇంట్లో రికార్డు చేయడమే నేరం

వీడియో క్యాసెట్ల రోజుల నుంచీ ఉన్న భయం ఇది. తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమైన వాడకమేనని 1984లో అమెరికా సుప్రీంకోర్టు బీటామ్యాక్స్ (సోనీ వీడియో క్యాసెట్ రికార్డర్) కేసులో 5-4 తేడాతో తీర్పు ఇచ్చింది. మిగతా దేశాల్లో నియమాలు వేరువేరుగా ఉంటాయి, మీ చోటి చట్టం చూసుకోవాలి. మీ ఇంటి కోసం రికార్డు చేసుకోవడం వేరు, దాన్ని నెట్‌లో పెట్టడం వేరు. రెండోది చేయకండి.

అపోహ: టైమ్ సెట్ చేశాం కదా, రికార్డయిపోతుంది

రికార్డింగ్ తప్పిపోయిందని నాకు వచ్చే కబుర్లలో ఎక్కువ భాగం వీడియోకు సంబంధించినవి కావు, గడియారానికి సంబంధించినవి. కంప్యూటర్ గడియారం రెండు నిమిషాలు ఆలస్యంగా నడిస్తే ప్రతి కార్యక్రమం మొదలూ పోతుంది. నెట్ ద్వారా సమయం సరిచేసుకునే ఏర్పాటు తప్పనిసరిగా పెట్టండి. కొందరు ఆపరేటర్లు కార్యక్రమాల పట్టికలో ఇప్పుడు వచ్చేది, తర్వాత వచ్చేది మాత్రమే పంపుతారు. వారం పట్టిక కావాలంటే ఎక్స్ఎంఎల్‌టీవీ అనే ఫైలు రూపంలో బయటి నుంచి తెచ్చుకోవాలి. చానళ్లు కూడా సమయానికి మొదలుపెట్టవు కాబట్టి ముందు 2 నిమిషాలు, వెనక 10 నిమిషాలు అదనంగా వేస్తాను. ఆటలకైతే అరగంట.

ఇక నిద్ర. కరెంటు ఆదా కోసం కంప్యూటర్‌ను నిద్రపుచ్చితే, రికార్డింగ్ వేళకు లేవడానికి బయోస్‌లోనూ (కంప్యూటర్ ఆన్ అవగానే మొదట నడిచే ప్రోగ్రాం) ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ అనుమతి ఉండాలి. కరెంటు పోయి వస్తే దానంతట అది ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా బయోస్‌లోనే ఉంటుంది. అప్‌డేట్ పేరుతో రాత్రి రీస్టార్ట్ అయ్యే సమయాన్ని రికార్డింగ్‌లు లేని వేళకు మార్చాలి.

పని అప్పగించే ముందు నేను రెండు రికార్డింగ్‌లు పెట్టి వస్తాను. ఒకటి తెల్లవారుజామున 3 గంటలకు, కంప్యూటర్ నిద్రలో ఉన్నప్పుడు. ఇంకోటి ఇంట్లో మోటార్లు, మిక్సీలు అన్నీ తిరిగే వేళ, రెండు చానళ్లు కలిపి. ప్రతి ప్యాకెట్‌లోనూ 0 నుంచి 15 దాకా తిరిగే ఒక వరుస సంఖ్య ఉంటుంది. మధ్యలో ఒక్క ప్యాకెట్ పోయినా ఆ వరుస తప్పుతుంది, సాఫ్ట్‌వేర్ లాగ్‌లో కంటిన్యూటీ ఎర్రర్ అని నమోదవుతుంది. మర్నాడు ఆ ఫైళ్లను ఆడించి చూడటంతో ఆపకుండా లాగ్ కూడా తెరవమంటాను. రెండింటిలోనూ ఆ లెక్క సున్నా ఉంటే పని అయినట్టు. ఒక్కటి ఉన్నా మళ్లీ వెళ్లి, మొదటి కనెక్టర్ దగ్గర నుంచి చూసుకుంటూ వస్తాను.