చివర్లో ఆ 24 డాలర్లు ఎందుకు?

2024 జులైలో అమెరికాలో ఒక కాలేజీ అమ్మాయికి కుదిరిన ఒప్పందం: 10,50,024 డాలర్లు. పది లక్షలు ఆమెకు, 50 వేలు బస, ఖర్చులకు. మిగిలిన 24? ఆమె జెర్సీ నంబరు! మన లెక్కలో మొత్తం దాదాపు 8.8 కోట్లు. 2023లో తొలి డబ్ల్యూపీఎల్ వేలంలో అందరికన్నా ఎక్కువ పలికిన స్మృతి మంధానకు 3.40 కోట్లే వచ్చాయి.

ఆ అమ్మాయి నైజారీ క్యానడీ. ఊరు కాన్సాస్‌లోని టొపీకా. బేస్‌బాల్ లాంటి ఆట సాఫ్ట్‌బాల్‌లో పిచర్, అంటే 43 అడుగుల దూరం నుంచి చేతిని కిందనుంచి తిప్పి బంతి విసిరే మనిషి. ఈ ఆటలో పిచర్ బాగుంటే సగం మ్యాచ్ గెలిచినట్టే. 2023లో స్టాన్‌ఫర్డ్‌లో మొదటి ఏడాదే ఏడు ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, ఆమె ఇచ్చిన పరుగుల సగటు 0.57. మరుసటి ఏడాది 337 మందిని స్ట్రైకౌట్ (మూడు అవకాశాలూ పోగొట్టి అవుట్) చేసి, దేశంలో ఉత్తమ కాలేజీ సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి అయింది.

2021 జులై 1కి ముందైతే ఆమె తన పేరు మీద ఇంత సొమ్ము తీసుకుంటే ఆటకే దూరమయ్యేది. చదువుకునే పిల్లలకు స్కాలర్‌షిప్ చాలన్నది అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పాత పట్టు. ఆ ఏడాది జూన్‌లో మరో కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. పది రోజులకే, పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవడానికి దారి తెరుచుకుంది. మొదట అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కుర్రాళ్లే బాగుపడ్డారు. సాఫ్ట్‌బాల్‌కి పది లక్షల డాలర్లంటే ఎవరూ ఊహించలేదు.

ఇచ్చింది టెక్సస్ టెక్ వర్సిటీ వైపు దాతల సంస్థ. అప్పటిదాకా ఆ జట్టు కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో జాతీయ టైటిల్ తేల్చే కాలేజీ వరల్డ్ సిరీస్ గడప తొక్కలేదు. 2025లో ఆమెతో ఏకంగా ఫైనల్‌కే వెళ్లింది.

మూడు మ్యాచ్‌ల ఫైనల్‌లో ప్రత్యర్థి టెక్సస్ యూనివర్సిటీ, అది వేరే జట్టు. మొదటి మ్యాచ్‌లో టెక్సస్ టెక్ 1-0తో ముందుంది. టెక్సస్ బ్యాటర్ రీస్ ఆట్‌వుడ్‌తో తలనొప్పి ఎందుకని, కావాలనే దూరంగా నాలుగు బంతులు వేసి ఆమెను మొదటి బేస్‌కి (పరుగు దారిలో తొలి మజిలీకి) పంపేద్దామనుకున్నారు. మూడు సరిగ్గానే పడ్డాయి. నాలుగోది అందేంత దగ్గరగా వచ్చింది. ఆట్‌వుడ్ చేయి చాచి కొట్టేసింది, రెండు పరుగులు. మ్యాచ్ 2-1తో పోయింది. అంత ఖరీదైన చేతిని ముంచింది వేగంగా వేసిన బంతి కాదు, వదిలేద్దామని వేసిన బంతి.

రెండోది టెక్ గెలిచింది. జూన్ 6న మూడో మ్యాచ్‌లో తొలి ఇన్నింగ్స్‌లోనే క్యానడీ అయిదు పరుగులిచ్చి తప్పుకుంది. స్కోరు 10-4, టైటిల్ టెక్సస్‌ది. అదే రోజు మరో కోర్టు, కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించే ఒప్పందానికి ఆమోదముద్ర వేసింది. క్యానడీ టెక్‌లోనే ఉండిపోయింది.