ఓపెన్ సోర్స్: తరచుగా వినిపించే అపోహలు, వాస్తవాలు

భీమవరం, కాకినాడ, అమలాపురం ప్రాంతాల ఇంజనీరింగ్ విద్యార్థులతో కలిసి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులలో (ఎవరైనా చూసి, మార్చి వాడుకునేలా కోడ్‌ను బహిరంగంగా ఉంచే సాఫ్ట్‌వేర్లలో) పనిచేస్తున్న నాకు కొన్ని అపోహలు పదే పదే ఎదురవుతుంటాయి. వాటిలో చాలావాటికి మూలం ఒకటే. కోడ్ ఎవరికైనా దొరుకుతుందని అందరికీ తెలుసు గాని, ఆ కోడ్‌ను చదివి, సరిచూసి, బాధ్యత వహించే నిర్వాహకుల సమయం ఎంత కరువో కొద్దిమందికే తెలుసు.

అపోహ: ఓపెన్ సోర్స్ అంటే ఉచితం, షరతులేవీ ఉండవు.

వాస్తవం: షరతులు లైసెన్సులోనే ఉంటాయి. జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉన్న ప్రోగ్రాంను మార్చి అమ్ముకోవచ్చు, కాని కొన్నవారికి సోర్స్ కోడ్ కూడా అందుబాటులో ఉంచాలి. ఎంతో సులువైనదిగా పేరున్న ఎంఐటీ లైసెన్సు సైతం కాపీరైట్ ప్రకటనను తొలగించనివ్వదు. ప్రాజెక్టు రిపోర్టుల కోసం కోడ్ ఎత్తుకొచ్చేవారు ముందుగా చెరిపేసేది సరిగ్గా ఆ ప్రకటననే!

అపోహ: కోడ్ రాయడం వచ్చినవారే పాల్గొనగలరు.

వాస్తవం: పాలకొల్లులో డీటీపీ పనిచేసే మా మిత్రుడికి ప్రోగ్రామింగ్ రాదు. ఒక రైతు సదస్సు కరపత్రం కోసం లిబ్రెఆఫీసు అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ‘రాష్ట్ర’ అని టైపు చేసినప్పుడు ట వత్తు, ర వత్తు ఒకదానిపై ఒకటి ఎక్కి ముద్దగా కనిపించాయి. అతడు అదే మాటను లిబ్రెఆఫీసులోనే వేరే ఫాంటులో పెట్టి చూస్తే సరిగానే వచ్చింది, మొదటి ఫాంటుతో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో తెరిచి చూస్తే మళ్లీ అదే ముద్ద. అంటే లోపం ఫాంటుదే గాని లిబ్రెఆఫీసుది కాదు. ఫాంటు వెర్షను, ఆపరేటింగ్ సిస్టం వివరాలు, ఆ ఒక్క మాట మాత్రమే ఉన్న ఫైలు, స్క్రీన్‌షాట్ జతచేసి ఫాంటు ప్రాజెక్టుకు నివేదిక పంపాడు. తెలుగు చదవడం రాని డెవలపర్ కూడా ఎక్కడ చూడాలో వెంటనే గ్రహించగలిగేంత స్పష్టమైన అటువంటి నివేదిక, నా దృష్టిలో, హడావుడిగా రాసిన వంద వరుసల కోడ్ కంటే విలువైనది. అనువాదాలు, వాడుక సూచనల పత్రాలు కూడా ఈ కోవకే వస్తాయి.

అపోహ: ఎన్ని పుల్ రిక్వెస్టులు (తాము చేసిన మార్పును చేర్చుకోమని ప్రాజెక్టుకు పంపే అభ్యర్థనలు) పంపితే అంత మంచి పేరు.

వాస్తవం: 2020 అక్టోబరులో ఓపెన్ సోర్స్‌లో పాల్గొనడాన్ని ప్రోత్సహించే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో ఇచ్చే టీషర్టు కోసం వేలాదిమంది, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైళ్లలో ఒకటి రెండు మాటలు చేర్చి పంపడంతో నిర్వాహకులు విసిగిపోయారు. చివరికి, ముందుగా సమ్మతించిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేలా నిబంధనను ఆ నెలలోనే మార్చవలసి వచ్చింది. పనికిరాని మార్పును తిరస్కరించాలన్నా ముందు దానిని ఎవరో ఒకరు చదవాలి కదా.

అపోహ: ఇదంతా తీరిక వేళల్లో చేసే సేవ.

వాస్తవం: లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ వంటి కెర్నల్‌లో చేరే మార్పులలో అధిక భాగం ఇంటెల్, రెడ్ హ్యాట్, గూగుల్ వంటి సంస్థల ఉద్యోగులు రాసినవే. అయితే ఆ జీతాలు అన్ని ప్రాజెక్టులకూ అందవు.

అపోహ: కోడ్ అందరికీ కనిపిస్తుంది కనుక లోపాలు దాగవు.

వాస్తవం: డెల్టాలో కాలువ నీరు వేల ఎకరాలకు పారినా తూము తలుపును కనిపెట్టుకుని ఉండే లస్కరు ఒక్కడే అయినట్లు, లోకమంతా వాడే లైబ్రరీని (ఇతర ప్రోగ్రాంలు తమలో చేర్చుకునే సిద్ధమైన కోడ్‌ను) చూసుకునేవారు ఒకరిద్దరే కావచ్చు. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం, ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో రెండేళ్లపాటు అందరి కళ్లెదుటే ఉంది. ఫైళ్ల పరిమాణాన్ని కుదించే ఎక్స్‌జెడ్ ప్రాజెక్టులోనైతే, అలసిపోయిన ఏకైక నిర్వాహకుడికి సాయం చేస్తానంటూ చేరిన ఒక వ్యక్తి ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి, 2024లో రహస్యంగా కంప్యూటర్లలోకి చొరబడే దొంగదారి అమర్చాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించి కూపీ లాగిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ దానిని పట్టుకున్నాడు గనుక, ప్రధాన లినక్స్ పంపిణీల (లినక్స్‌తో కూర్చి అందించే ఆపరేటింగ్ సిస్టంల) స్థిర వెర్షన్లకు అది చేరలేదు. అందువల్ల ఏ లైబ్రరీనైనా తమ ప్రాజెక్టులో చేర్చే ముందు దానికి నిర్వాహకులెందరు, చివరి విడుదల ఎప్పుడు, వచ్చిన నివేదికలకు జవాబులు అందుతున్నాయా అన్నవి చూడమని విద్యార్థులకు చెబుతుంటాను.