మెట్టిన దేశం పేరు ప్రతిష్ఠలు: ప్రవాసి లెక్క వేరు

2011 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ న్యూయార్క్‌లో 'గ్రేట్' ప్రచారాన్ని మొదలుపెట్టారు. దేశం పేరులోనే ఉన్న ఆ మాటను పోస్టర్ల మీద పెద్దక్షరాలతో వేసి, మా చదువులు గొప్పవి, మా సంగీతం గొప్పది, మా పల్లెసీమలు గొప్పవి, వచ్చి చూడండి అన్నారు. ఏడాది తిరగకుండానే, 2012 మే నెలలో, అదే ప్రభుత్వంలోని హోం మంత్రి థెరెసా మే అక్రమంగా ఉంటున్న విదేశీయులకు దేశంలో బతుకు దుర్భరమయ్యేలా చేస్తామని ప్రకటించారు. 2013 జూలైలో 'ఇంటికి వెళ్లిపోండి, లేదంటే అరెస్టవుతారు' అన్న బోర్డులతో వ్యాన్లు లండన్ పేటల్లో తిరిగాయి.

పోస్టర్లు విదేశాల్లో, వ్యాన్లు ఇంటి ముందు. పోస్టరు చూసినవాళ్లకి వ్యాను కనబడదు. స్థానికుల్లో చాలామందికి రెండింటితోనూ పనిలేదు. ఒకప్పుడు పోస్టరులాంటిదేదో చూసి వచ్చి, ఇప్పుడు వ్యాను తిరిగే వీధిలో కాపురం ఉంటున్న ప్రవాసికే ఆ రెండూ ఒకే ప్రభుత్వం మాటలని అర్థమవుతుంది. 2018లో బయటపడ్డ విండ్‌రష్ వ్యవహారంలో దెబ్బ తిన్నది అక్రమంగా వచ్చినవాళ్లు కూడా కాదు. దశాబ్దాల కిందట కరీబియన్ దీవుల నుంచి చట్టబద్ధంగా వచ్చి, కాగితాలు చూపలేక ఉద్యోగాలు, వైద్యం పోగొట్టుకున్నవాళ్లు. కొందరిని దేశం దాటించారు కూడా.

దేశం తన గురించి చెప్పుకునే మాటకీ, అక్కడ స్థిరపడ్డ విదేశీయుడు చూసే దానికీ మధ్య ఈ ఎడం కొత్తది కాదు. దేశాలకు పేరు ప్రతిష్ఠలను మొదట్లో తెచ్చిపెట్టినవాళ్లలో ఈ ప్రవాసులే ముఖ్యులు. ఆ పేరును కొలిచే కాలం వచ్చేసరికి మాత్రం వాళ్లను అడిగేవాళ్లు లేకపోయారు.

అమెరికా సంగతే తీసుకుందాం. కులగోత్రాలు, ప్రభువులు లేని నేల, కష్టపడ్డవాడికి భూమి దక్కే చోటు అన్న పేరును యూరప్‌లో చాటినవాళ్లలో క్రెవ్‌కూర్ ఒకడు. 1735లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో పుట్టాడు. కెనడాలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, న్యూయార్క్ వలస ప్రాంతానికి చేరి, 1765లో అక్కడి పౌరసత్వం తీసుకుని, వ్యవసాయం పెట్టాడు. రైతు రాసిన ఉత్తరాల రూపంలో అతని రచన 1782లో లండన్‌లో అచ్చయింది. అమెరికన్ అంటే ఎవడు అని ప్రశ్న వేసుకుని, అన్ని జాతులూ కరిగి కొత్త మనిషి తయారవుతున్నాడని జవాబిచ్చాడు. జనం గుర్తుపెట్టుకున్నది ఆ భాగమే. అదే పుస్తకంలో చార్ల్స్‌టన్ దగ్గర బోనులో వేసి చావుకు వదిలేసిన నల్లజాతి బానిస దృశ్యమూ ఉంది. స్వాతంత్ర్య యుద్ధంలో ఎటు తేలాలో తెలియక వణికిపోతున్న రైతు మాటలూ ఉన్నాయి. వాటిని ఎవరూ పోస్టరు మీద వేయలేదు.

క్రెవ్‌కూర్ బతుకూ అలాగే నడిచింది. యుద్ధకాలంలో ఇరుపక్షాలూ అనుమానించాయి. బ్రిటిష్‌వాళ్లు న్యూయార్క్‌లో జైల్లో పెట్టారు. 1780లో యూరప్ వెళ్లి, 1783లో ఫ్రాన్స్ తరఫున కాన్సల్‌గా తిరిగి వచ్చేసరికి ఇల్లు తగలబడిపోయింది, భార్య చనిపోయింది, పిల్లలు పరాయి పంచన ఉన్నారు. అమెరికా కీర్తిని యూరప్‌కి అందించిన మనిషికి అమెరికా మిగిల్చింది అది. అయినా ఆ దేశానికీ ఫ్రాన్స్‌కీ మధ్య వ్యాపారం పెంచడానికే తర్వాతి ఏళ్లు వెచ్చించాడు. దీన్ని అమాయకత్వం అని కొట్టేయలేను. కోడలు పుట్టింటివాళ్ల ముందు అత్తవారిని పల్లెత్తు మాట అననివ్వదు, అత్తవారింట్లో మాత్రం తేల్చుకోవలసింది తేల్చుకుంటుంది. ప్రవాసి వైఖరి చాలాసార్లు ఇదే.

రచయిత లాఫ్కాడియో హెర్న్‌ది ఇంకాస్త తేటగా కనబడే కథ. గ్రీకు తల్లికీ ఐరిష్ తండ్రికీ 1850లో పుట్టి, డబ్లిన్‌లో పెరిగి, అమెరికాలో విలేకరిగా పనిచేసి, 1890లో జపాన్ చేరాడు. మాత్సుయే పట్టణంలో ఇంగ్లీషు బోధిస్తూ కొయిజుమి సెత్సును పెళ్లాడాడు. 1896లో జపాన్ పౌరసత్వం తీసుకుని కొయిజుమి యాకుమో అయ్యాడు. పాత గుళ్లు, దయ్యాల కథలు, మర్యాదలు, మౌనం: పాశ్చాత్యుల మనసులో పడిన జపాన్ చిత్రంలో అతని వాటా పెద్దది.

అయితే ఆ చిత్రం చాలావరకు మాత్సుయే చిత్రం. 1891లో కుమమోతోకి బదిలీ అయ్యాడు. అది సైనిక స్థావరమున్న ఊరు, కొత్త జపాన్. అతనికి నచ్చలేదు. అప్పటికే చాలా ఏళ్లుగా జపాన్‌లో ఉంటున్న పండితుడు బేసిల్ హాల్ చేంబర్లిన్‌కి రాసిన ఉత్తరాల్లో హెర్న్ మనసు ఒక వారం ఆరాధన, మరో వారం విసుగుగా ఊగుతుంది. అచ్చయిన పుస్తకాల్లో ఆరాధన పాలు ఎక్కువ, విసుగు ఉత్తరాలకు పరిమితమైంది. 1903లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం అతని కొలువు తీసేసింది. ఆ స్థానంలోకి వచ్చినవాళ్లలో, తర్వాత జపాన్ ప్రముఖ నవలాకారుడైన నత్సుమె సోసెకి ఉన్నాడు. మరుసటి ఏడాది హెర్న్ చనిపోయాడు. ఈనాటికీ మాత్సుయేలో అతని ఇంటిని, జ్ఞాపకాల మ్యూజియాన్ని చూడ్డానికి జనం వస్తారు. దేశం తన పేరు కోసం ప్రవాసి ఆరాధనను దాచుకుంది. విసుగును పండితులకు వదిలేసింది.

ఆ విసుగును శాస్త్రం పట్టించుకోవడం 1950లలో మొదలైంది. మానవశాస్త్రవేత్త కలెర్వో ఒబెర్గ్ 1954లో రియో డి జెనీరోలోని ఒక మహిళా క్లబ్బులో మాట్లాడుతూ, విదేశానికి వచ్చినవాడు దాటే దశలను వరసగా వివరించాడు. మొదట మోజు. తర్వాత అన్నీ తప్పుగా కనబడే రోజులు, తనవాళ్లతో గుంపుగా చేరి ఈ దేశాన్నీ ఈ జనాన్నీ తిట్టుకునే దశ. ఆ పైన మెల్లగా సర్దుబాటు. 1955లో నార్వే పరిశోధకుడు లిస్‌గార్డ్, అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫుల్‌బ్రైట్ ఆర్థిక సాయంతో ఆ దేశం వెళ్లివచ్చిన 200 మంది నార్వేవాసులను పరిశీలించాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లూ, ఏడాదిన్నర దాటినవాళ్లూ బాగానే ఉన్నారు. మధ్యలోవాళ్లే ఇబ్బంది పడ్డారు. ఈ లెక్కను తర్వాతివాళ్లు చాలామంది తప్పుబట్టారు: ఒకే మనిషిని ఏళ్ల తరబడి వెంబడించి చూసినది కాదు, వేర్వేరు మనుషులను పక్కపక్కన పెట్టి గీసిన గీత. అయినా కంపెనీల శిక్షణ తరగతుల్లో అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

నాకు వీటన్నిటికన్నా విలువైనదిగా తోచేది 1960లో రిచర్డ్ మోరిస్ చేసిన పని. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న విదేశీ విద్యార్థులను అమెరికా ఎలా ఉందని మాత్రమే అడిగి ఊరుకోలేదు. మీ దేశం గురించి అమెరికన్లు ఏమనుకుంటున్నారని మీకు అనిపిస్తోందని కూడా అడిగాడు. తమ దేశాన్ని వీళ్లు చిన్నచూపు చూస్తున్నారని అనిపించినవాళ్లకు అమెరికా మీద అభిప్రాయం దిగజారింది. అంటే మెట్టిన దేశం పరువు ప్రవాసి కళ్లలో ఎంతన్నది, ఆ దేశం కళ్లలో అతని పుట్టిన దేశం పరువు ఎంతన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. ప్రచార శాఖలు ఈ మాటను తలకెక్కించుకున్న దాఖలాలు తక్కువ.

తలకెక్కించుకోక తప్పని సందర్భం మాత్రం ఒకటి వచ్చింది. 1957 అక్టోబరులో కొత్తగా స్వతంత్రమైన ఘనా ఆర్థిక మంత్రి కోమ్లా గ్బెడెమా డెలావేర్ రాష్ట్రంలోని డోవర్‌లో ఒక రెస్టారెంటులో నారింజ రసం అడిగాడు. రంగువాళ్లు ఇక్కడ కూర్చుని తాగకూడదన్నారు. అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్ అదే ఏడాది ఘనాలో ఆయన ఇంటికి వెళ్లివచ్చాడు! నల్లజాతి పిల్లలను తెల్లవాళ్ల బడిలో చేరనివ్వని లిటిల్ రాక్ గొడవతో ప్రపంచం ముందు అప్పటికే నవ్వులపాలై ఉన్న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, గ్బెడెమాను వైట్‌హౌస్‌కి అల్పాహారానికి పిలిచి సర్దుకున్నాడు.

ఒక మంత్రికి టిఫిన్ పెడితే సరిపోయింది. ఆఫ్రికా దేశాలు వరసగా స్వతంత్రమై రాయబారులను పంపడం మొదలయ్యాక అలా కుదరలేదు. న్యూయార్క్, వాషింగ్టన్ల మధ్య మేరీలాండ్ మీదుగా పోయే 40వ నంబరు రహదారి పక్క హోటళ్లు వాళ్లను లోపలికి రానివ్వలేదు. 1961లో చాద్ రాయబారికి అదే అనుభవమయ్యాక కెన్నెడీ ప్రభుత్వం విదేశాంగ శాఖలో ప్రత్యేక విభాగం పెట్టి, పెడ్రో సాన్‌వాన్‌ను హోటళ్ల యజమానుల చుట్టూ తిప్పింది. ఆ ఆగస్టులో బాల్టిమోర్ నుంచి వెలువడే 'ఆఫ్రో-అమెరికన్' పత్రిక విలేకరులు లేని దేశం పేరొకటి కల్పించి, దాని ప్రతినిధుల వేషం కట్టి అదే దారిలో బయలుదేరారు. కొన్నిచోట్ల వాళ్లకు మర్యాదగా వడ్డించారు కూడా. ఆ ఊళ్లలోనే పుట్టి పెరిగిన నల్లజాతివాళ్లకు అదే బల్ల దగ్గర చోటు లేదు. హోటళ్ల వంటి చోట్ల ఈ వివక్షను నిషేధిస్తూ 1963లో మేరీలాండ్‌లో, 1964లో దేశమంతా చట్టం మారడానికి అసలు బలం స్థానికుల ఉద్యమమే. అయినా వాషింగ్టన్ పెద్దలను తొందరపెట్టిన కారణాల్లో విదేశీయుల దగ్గర పరువు ఒకటి.

ఆ తర్వాత పరువు ఒక శాస్త్రంగా, వ్యాపారంగా మారింది. 1990లో అమెరికన్ రాజనీతి పండితుడు జోసెఫ్ నై 'సాఫ్ట్ పవర్' (బలప్రయోగంతో కాక ఆకర్షణతో ఇతరులను ఒప్పించే శక్తి) అన్న ఆలోచన ముందుకు తెచ్చాడు. 1990ల చివర బ్రిటిష్ సలహాదారు సైమన్ యాన్‌హోల్ట్ దేశాలను బ్రాండ్లుగా చూడటం మొదలుపెట్టి, 2005లో వాటికి సూచీ తయారుచేశాడు. ఎగుమతులు, పాలన, సంస్కృతి, ప్రజలు, పర్యాటకం, వలసలు-పెట్టుబడులు అని ఆరు అంశాలు. ప్రశ్నలన్నీ ఎక్కడో దూరదేశాల్లో ఇళ్లలో కూర్చున్నవాళ్లకు వేస్తారు. ఆ దేశంలో ఉద్యోగం చేయడం మీకు ఇష్టమేనా అని, అక్కడ ఒక్క పూట కూడా పనిచేయనివాళ్లను అడుగుతారు. దూరపు కొండల నునుపుదనాన్ని కొలవడానికే పెట్టిన సూచీ కాబట్టి అది తప్పు కాదు. లోగోలతో, నినాదాలతో దేశం పేరు మారదని యాన్‌హోల్ట్ కూడా తర్వాత గట్టిగానే చెప్పాడు. ప్రభుత్వాలు మాత్రం లోగోలు మానలేదు.

ప్రవాసులనే అడిగే సర్వేలు ఆలస్యంగా వచ్చాయి. హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు 2008లో, మ్యూనిక్ కేంద్రంగా ఉన్న ప్రవాసుల వేదిక ఇంటర్‌నేషన్స్ 2014లో మొదలుపెట్టాయి. ఇంటర్‌నేషన్స్ జాబితాలో 2022, 2023లలో మెక్సికో మొదటి స్థానం. కువైట్ పలుమార్లు అట్టడుగున. జనం స్నేహంగా ఉంటారు, ఖర్చు తక్కువ అన్నది మెక్సికోకి మార్కులు తెచ్చింది. ఖర్చు ఎవరికి తక్కువ? డాలర్లలో జీతం వచ్చేవాళ్లకి. 2025 జూలైలో మెక్సికో సిటీలోని రోమా, కొందేసా పేటల్లో జనం వీధుల్లోకి వచ్చింది, విదేశీయుల రాకతో అద్దెలు పెరిగి తాము ఇళ్లు ఖాళీ చేయాల్సి వస్తోందనే. ప్రవాసికి నచ్చిన దేశానికి ప్రవాసి నచ్చాలని లేదు.

ఈ సర్వేలకు జవాబిచ్చేది ఎక్కువగా ఇంటర్నెట్‌లో తీరిగ్గా ఫారం నింపగల ఉద్యోగులు. లేబర్ క్యాంపులో ఉండే మేస్త్రీ, ఇంటిపని చేసే ఆడమనిషి అందులో దాదాపు కనబడరు. కఫాలా పద్ధతిలో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారలేనివాడి దృష్టిలో ఖతార్ ప్రతిష్ఠ ఎంత అని 2010లో, ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఆతిథ్యం దక్కినప్పుడు, ఎవరూ అడగలేదు. కార్మిక సంఘాలు, పత్రికలు ఏళ్లపాటు పోరాక 2017లో అంతర్జాతీయ కార్మిక సంస్థతో ఒప్పందం కుదిరింది. 2020లో యజమాని అనుమతి నిబంధన తీసేశారు. 2021లో నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం వచ్చింది. చట్టంలో ఉన్నదంతా పని దగ్గర అమలవుతోందని కార్మికుల తరఫున మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు.

జపాన్ దగ్గరికే మళ్లీ వస్తే, హెర్న్ తర్వాత నూరేళ్లకు అక్కడికి వెళ్తున్నది పండితులు కాదు. 1993లో పెట్టిన సాంకేతిక శిక్షణ పథకం కింద వియత్నాం, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వంటి దేశాల యువత ఫ్యాక్టరీల్లో, పొలాల్లో చేరారు. పేరుకు శిక్షణ, నిజానికి కూలి. యజమాని ఎలాంటివాడైనా మారడానికి దాదాపు వీల్లేదు. వాళ్లను ఏ సర్వే అడగలేదు గానీ, 2023లో 9,700 మందికి పైగా చెప్పాపెట్టకుండా పనిచోటు వదిలి మాయమయ్యారు. ఈలోగా యెన్ విలువ పడిపోయింది, కొరియా, తైవాన్ పోటీకి వచ్చాయి. కార్మికులు ఎంచుకునే దేశంగా జపాన్ ఉండాలన్న మాట అప్పుడు ప్రభుత్వ చర్చల్లోకి వచ్చింది. 2024 జూన్‌లో పాత పథకాన్ని రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. దాని ప్రకారం ఒకటి రెండేళ్ల తర్వాత, భాషా నైపుణ్యం వంటి షరతులకు లోబడి, అదే రంగంలో యజమానిని మార్చుకోవచ్చు. అమలు 2027 ఏప్రిల్ నుంచి.