మండలం దాకా వచ్చిన హెచ్‌ఐవీ వైద్యం, మధ్యలో ఆగిన సుఖవ్యాధుల వైద్యం

2000ల తొలి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బస్సెక్కి తిరిగినవాళ్లకు పులిరాజా గుర్తుండే ఉంటాడు. 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అని హోర్డింగులు అడిగేవి. ఆ ప్రశ్న జనం నోళ్లలో బాగా నానింది, దాని మీద జోకులూ పుట్టాయి. జబ్బు గురించి మాట్లాడటం వరకు బాగానే ఉంది. పరీక్షకో మందుకో వెళ్లాలంటే మాత్రం పెద్దాసుపత్రిలో ఒక మూల గదిని వెతుక్కుని, నలుగురూ చూస్తుండగా దాని ముందు నిలబడాలి. ఆ సేవల్ని సామాజిక ఆరోగ్య కేంద్రాల దాకా, అంటే మనం సీహెచ్‌సీ అని పిలిచే ముప్పై పడకల ఆసుపత్రుల దాకా తేవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇంకా పూర్తిగా రాలేదు కూడా.

నిజానికి సుఖవ్యాధులకు సర్కారు వైద్యం హెచ్‌ఐవీ కంటే పాతది. స్వాతంత్ర్యం వచ్చిన కాలం నుంచే దేశంలో దానికో కార్యక్రమం ఉంది. కాకపోతే అది బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాన్ని ఆనుకుని ఉండిపోయింది. సెగ (గనేరియా), సవాయి (సిఫిలిస్) తగులుకున్నవాడు అక్కడిదాకా వెళ్లేది తక్కువ. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే సూది, మెడికల్ షాపులో గుసగుసగా అడిగి తెచ్చుకునే మాత్రలు, అదీ కాకపోతే ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో కూర్చునే 'గుప్తరోగ నిపుణుడు'. వాళ్ల మందు మంచిదని వెళ్లేవాళ్లు ఎంతమందో గానీ, ఎవరికీ తెలియదన్న ధైర్యంతో వెళ్లేవాళ్లే ఎక్కువ. ఈ సంగతి మన ఆరోగ్య శాఖకు అర్థమైనట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల కలిసి దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసుల్ని బయటపెట్టారు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏర్పడింది, సుఖవ్యాధుల కార్యక్రమం కూడా దాని గొడుగు కిందికి వచ్చింది. రెండింటినీ కలిపి చూడాలనడానికి గట్టి ఆధారం మాత్రం 1995లో టాంజానియా నుంచి వచ్చింది. అక్కడి మ్వాంజా ప్రాంతంలో 12 సముదాయాలను తీసుకుని, సగం చోట్ల మామూలు ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి సుఖవ్యాధుల వైద్యంలో శిక్షణ ఇచ్చారు, మందులు ఆగకుండా చూశారు. రెండేళ్లలో అక్కడ కొత్తగా హెచ్‌ఐవీ సోకడం మిగతా సగంతో పోలిస్తే దాదాపు 40 శాతం తగ్గింది. మర్మావయవాల మీద పుండో వాపో ఉంటే వైరస్‌కు దారి సులువవుతుంది, దాన్ని మాన్పితే ఆ దారి మూసుకుంటుంది. కొన్నేళ్లకే ఉగాండాలోని రకాయ్‌లో లక్షణాలున్నా లేకున్నా అందరికీ మందులు మింగించి చూస్తే హెచ్‌ఐవీ తగ్గలేదు. అక్కడ వ్యాప్తి అప్పటికే బాగా ముదిరిందని పరిశోధకులు ఒక కారణం చెప్పారు. ఏమైనా, నొప్పితో తలుపు తట్టినవాడికి దగ్గర్లోనే సరైన మందు దొరకాలన్న ఆలోచన నిలబడింది.

మన దగ్గర ఆ ఆలోచన రంగు కిట్లుగా మారింది. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా లక్షణాన్ని బట్టి అప్పటికప్పుడే మందివ్వడం దీని పద్ధతి. మూత్రనాళం నుంచి చీము వస్తే బూడిదరంగు కిట్: ఒక గ్రాము అజిత్రోమైసిన్, 400 మిల్లీగ్రాముల సెఫిక్సిమ్. తెల్లబట్టకు ఆకుపచ్చ, పుండుకు పెన్సిలిన్ సూది ఉన్న తెలుపు, అది పడనివాళ్లకు నీలం, నీటిపొక్కులకు ఎరుపు, ఆడవాళ్ల పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో బిళ్ల కడితే నలుపు. ఏ మందో గుర్తుపెట్టుకోనక్కర్లేదు, రంగు గుర్తుంటే చాలు. ఉపాయం మంచిదే, లోపాలూ ఉన్నాయి. ఆడవాళ్లలో చాలా ఇన్ఫెక్షన్లు ఏ లక్షణమూ చూపవు, వాళ్లకు ఏ రంగూ అందదు. తెల్లబట్టతో వచ్చేవాళ్లలో చాలామందికి ఉన్నది సుఖవ్యాధే కాదు, అయినా వాళ్లకు మందు పడుతుంది. పెన్సిలిన్ వికటిస్తే ఎలాగన్న టెన్షన్‌తో సూది వేయడానికి చిన్న ఆసుపత్రులు వెనకాడతాయి. భర్త కిట్ తీసుకెళ్లి భార్యకు చెప్పకపోతే నెల తిరగకుండా జబ్బు మళ్లీ మొదటికి వస్తుంది.

జనం ఏ ఆసుపత్రి గుమ్మం ఎక్కుతున్నారన్నది లెక్కల్ని కూడా తారుమారు చేసింది. 2006లో హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి చెందిన లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో ఇళ్లకు వెళ్లి సుమారు 12,600 మంది రక్తాన్ని పరీక్షించిన ఫలితాలు ప్రచురించింది. సర్కారు ఆసుపత్రులకు వచ్చినవాళ్ల రక్తపరీక్షల మీద ఆధారపడే అధికారిక పద్ధతిలో జిల్లాలో లక్షకు పైగా తేలిన హెచ్‌ఐవీ బాధితులు, ఈ లెక్కలో 46 వేల దగ్గర ఆగారు. ప్రైవేటు వైద్యులు హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను, అనుమానం ఉన్నవాళ్లను సర్కారు ఆసుపత్రులకు పంపేస్తుండటంతో అక్కడి లెక్క ఉబ్బిపోయింది. మరుసటి ఏడాది ఇంటింటి సర్వేల ఆధారంగా దేశం అంచనా కూడా 50 లక్షల పైనుంచి 25 లక్షలకు దిగింది.

హెచ్‌ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితంగా 2004 ఏప్రిల్ 1న దేశం మొత్తమ్మీద 8 ఆసుపత్రుల్లో మొదలయ్యాయి. అప్పట్లో రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు ఘన మిల్లీమీటరు రక్తంలో 200 కన్నా తగ్గితేనే సాధారణంగా మందు. నెలనెలా కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వెళ్లాలి. 2008 నుంచి లింక్ ఏఆర్‌టీ కేంద్రాలు వచ్చాక, ఆరోగ్యం కుదుటపడినవాళ్లు దగ్గర్లోని ఆసుపత్రిలోనే మందు తీసుకునే వీలు కలిగింది. దూరం తగ్గితే అందరూ సంతోషిస్తారనుకుంటే పొరపాటు. సీహెచ్‌సీలో నర్సు పక్క వీధి అమ్మాయి, చీటీ రాసేవాడు దూరపు చుట్టం. అందుకే వంద కిలోమీటర్లైనా సరే జిల్లా కేంద్రానికే వెళ్తామనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

2017 ఏప్రిల్ నుంచి సీడీ4 ఎంతున్నా, పాజిటివ్ అని తేలగానే మందు మొదలుపెడుతున్నారు. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన చట్టం అనుమతి లేకుండా పరీక్ష చేయడాన్ని, ఒకరి హెచ్‌ఐవీ సంగతి మరొకరికి చెప్పడాన్ని నిషేధించింది.

ఈ మొత్తంలో సాఫీగా సాగిన పని గర్భిణుల పరీక్ష. హిమోగ్లోబిన్, షుగర్‌తో పాటు అదే సూదితో తీసిన రక్తంలో హెచ్‌ఐవీ కూడా చూస్తారు, కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా ఏ గది ముందూ నిలబడనక్కర్లేదు. మొదట్లో కాన్పు సమయంలో తల్లికి ఒక్క నెవిరాపిన్ మాత్ర, బిడ్డకు అదే మందు సిరప్ ఇచ్చేవారు. 2014 నుంచి పాజిటివ్ వచ్చిన ప్రతి గర్భిణికీ జీవితాంతం మూడు మందుల వైద్యం అందుతోంది. సిఫిలిస్‌నూ ఇదే దారిలో పెట్టాలని చూస్తున్నారు, రెండింటినీ ఒకేసారి చూపే కిట్లు అందుకే వచ్చాయి.

2021 అంచనాల్లో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47, దేశంలో 0.21. కౌన్సెలర్, పూర్తి పరీక్షా కేంద్రం లేని చిన్న ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఒక్క కిట్‌తో తొలి పరీక్ష మాత్రమే చేస్తారు. అనుమానం వస్తే, మూడు కిట్లతో ఖాయం చేసే కేంద్రానికి చీటీ రాసి పంపాలి. చీటీ పట్టుకున్నవాళ్లు అక్కడికి చేరారో లేదో కనుక్కునే పని చాలాచోట్ల ఆశా కార్యకర్త మీద పడుతుంది. ఆమెదీ అదే ఊరు.